ఊడవొద్దని చెప్పిన ఆకులు

మా నెల్లూరు వైపు ఆకులు రంగు మారి రాలే కాలం అంటూ వేరే ఉండదు. అక్టోబరు వచ్చిందంటే వానల కోసం ఎదురుచూడటమే. అందుకే ఆ పెళ్లికూతురు ఫోన్‌లో ఫొటోలు చూపించి "అక్కా, నాకు ఇట్లాంటి పెళ్లి కావాలి, ఆటమ్ థీమ్" అన్నప్పుడు తలైతే ఊపినాను గానీ లోపల గుబులు పట్టుకుంది. నేలంతా ఎర్రటి ఆకులు, చెక్కబల్లలు, గోనెగుడ్డలు, అడవిపూలు. ప్లాస్టిక్ పువ్వు ఒక్కటి కూడా కనపడకూడదంది.

అప్పటికి నేను బుచ్చిరెడ్డిపాలెంలో చిన్న షాపు పెట్టుకుని డెకరేషన్ పని మొదలుపెట్టి నాలుగేళ్లు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, బెలూన్లు, థర్మకోల్ అక్షరాలు. ఇంత పెద్ద పెళ్లి చేతికి రావడం అదే మొదలు. విడవలూరు దగ్గర ఒక ఊళ్లో, వాళ్ల చర్చిలోనే పెళ్లి. పెళ్లికూతురి నాన్న ఆ సంఘానికి పెద్ద.

మిగతావన్నీ దొరికాయి. పెన్న గట్టున రెల్లు తెల్లగా పూసి ఉంది. సరుగుడు తోపుల్లో ఎండుకాయలు కుప్పలు. గోనెసంచులు రైసుమిల్లులో అడిగి తెచ్చుకున్నాను. ఆకులే లేవు. "ఆకులు యాడ తెస్తావక్కా?" అని అమ్మాయి అడిగితే, నోటికొచ్చినట్టు "కొండల వైపు నుంచి తెప్పిస్తున్నాలే" అనేసినాను.

ఆ వారమే కొలతలు తీసుకోవడానికి చర్చికి పోయినాను. ఆవరణలో మూడు బాదంచెట్లు. ఆకులు సగానికి సగం ఎర్రబడి, కొన్ని రాగిరంగు తిరిగి, గాలి తగిలినప్పుడల్లా టపటపా రాలుతున్నాయి. చెట్ల కింద ఒకామె వంగి ఊడుస్తా ఉంది. నాకంటే పదేళ్లు పెద్దది ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా ఆ చర్చి ఊడ్చేది ఆమేనట.

"అక్కా, ఊడవొద్దక్కా! ఈ ఆకులు నాకు పెళ్లికి కావాలి" అంటా పరుగెత్తినాను.

ఆమె నడుం నిలబెట్టి నవ్వింది. "ఇది చెత్త పాపా. పెళ్లికి చెత్తేంది?"

"ఇప్పుడిదే ఫ్యాషన్."

"అట్లయితే నేను ఏరి గోతంలో పోసి పెడతాలే."

"వద్దొద్దు, గోతంలో వేస్తే నలిగిపోతాయి. రాలినవి రాలినట్టే ఉండనీ. నేను రెండు మూడు రోజులకొకసారి వచ్చి ఏరుకుంటా."

"సంఘం పెద్దాయన చూస్తే అరుస్తాడు పాపా."

"వాళ్లకి నేను చెప్తాగా."

చెప్పలేదు. ఎట్లా చెప్తాను? కొండల నుంచి తెప్పిస్తున్నానని అమ్మాయితో అంటిని. తీరా చూస్తే వాళ్ల చర్చి చెత్తే వాళ్లకు అలంకారం చేస్తున్నానని తెలిస్తే నా పనితనం మీద చులకన అవుతుందేమోనని భయం. వచ్చినప్పుడల్లా మచ్చలేని ఆకులు ఏరి, తుడిచి, పేపర్ల మధ్య పెట్టి బరువు వేసి ఆరబెట్టేదాన్ని. అట్టపెట్టెలు మూడు నిండాయి. పనికిరాని ఆకులన్నీ ఆవరణలోనే, మెట్ల మీదే ఉండిపోయేవి. ఇంక చాలు, ఊడ్చెయ్ అని ఒక్క మాట ఆమెతో చెప్పి ఉంటే సరిపోయేది. ఇంకా మంచివి రాలతాయని ఆశ.

పెళ్లి ఇంకా పది రోజులుందనగా ఒక శనివారం గట్టి వాన పడింది. ఆదివారం పొద్దున్నే నేను స్టేజీ కొలతలు సరిచూసుకోవడానికి పోయినాను. ఆరాధనకు జనం వస్తున్నారు. పెళ్లికూతురి తాత, డెబ్భై దాటిన మనిషి, తెల్లపంచె కట్టుకుని మెట్లెక్కుతా నానిన ఆకుల మీద కాలేసి జారినాడు. చెయ్యి కింద పడి మణికట్టు విరిగింది. ఆయన అరవలేదు. నొప్పిని పంటిబిగువున పట్టి కూర్చున్నాడు. కారులో నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయినారు.

కారు పోయినాక పెళ్లికూతురి నాన్న ఊడ్చే ఆమెను పిలిచినాడు. అందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు.

"చీపురు పట్టి ఎన్ని దినాలైంది నువ్వు?"

ఆమె ఆయన్ను చూడలేదు. నన్ను చూసింది. నేను స్తంభం పక్కన టేపు పట్టుకుని నిలబడి ఉన్నాను. మా ఇద్దరి మధ్య పదడుగుల దూరం కూడా లేదు. నేను తల వంచుకుని టేపు చుట్టుకోవడం మొదలుపెట్టినాను.

ఆమె ఆయన వైపు తిరిగి చెప్పింది. "ఒంట్లో బాగలేదయ్యా."

"బాగలేకపోతే ఒక మాట చెప్పొద్దా? మా నాయన ప్రాణం మీదికి తెచ్చినావే! రేపట్నుంచి నువ్వు రావొద్దు."

ఆమె చీపురు గోడకు ఆనించి, కొంగు తలమీద కప్పుకుని, లోపలికి పోయి వెనక వరసలో కూర్చుంది. ఆరాధన అయిందాకా కదల్లేదు. నేను వాళ్ల సంఘం దాన్ని కాదు. బయటే నిలబడి, పెళ్లయిపోయినాక చెప్పేద్దాం అనుకున్నాను. అట్లా అనుకుంటే కాస్త ఊపిరాడింది.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. చర్చి గుమ్మం నుంచి పందిరి దాకా దోవకు రెండు వైపులా ఎర్రటి ఆకులు, మధ్య మధ్య రెల్లుపూల గుత్తులు, పసుపు చామంతులు. పెళ్లికూతురు నన్ను కావలించుకుంది. చేతికి కట్టుతో ముందు వరసలో కూర్చున్న తాత నన్ను పిలిచి, ఒక ఆకు తీసి తిప్పి చూసి అన్నాడు, "ఇవి మన బాదమాకుల మాదిరే ఉన్నాయే."

"కాదు తాతా, కొండాకులు" అన్నాను. ఇది ఎవరూ బలవంతం చేసి చెప్పించిన అబద్ధం కాదు. ఆయనకు నిజం చెప్పేదానికి అంతకంటే మంచి సందు నాకు దొరకదు. అయినా నోరు తనంతట తానే అట్లా తిరిగింది.

ఊరందరితో పాటు ఊడ్చే ఆమె కూడా భోజనానికి వచ్చింది. చెయ్యి కడుక్కుని పోతా పోతా నా దగ్గర ఆగి, "బాగుంది పాపా" అంది. ఎగతాళి కాదు. నిజంగానే అంది. నేను ఎవరో పిలిచినట్టు అటు తిరిగి పోయినాను.

మూడు వారాల తర్వాత ఆమె ఇల్లు కనుక్కుని పోయినాను. ఆమె అప్పుడే రొయ్యల కంపెనీ వ్యాను దిగి వస్తా ఉంది. పొద్దుటినుంచి ఐసులో రొయ్యలు వలిచి వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"ఆరోజు నా పేరు ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

"నువ్వే చెప్తావని చూసినా పాపా. నువ్వు టేపు చుట్టుకుంటా ఉంటివి." చేతులు కొంగుకు తుడుచుకుంటా, "బయపడినావులే అనుకున్నా" అంది.

ఆ సాయంత్రమే నేరుగా తాత దగ్గరికి పోయి అంతా చెప్పేసినాను. ఆయన కోప్పడలేదు. "నా చెయ్యి అతుక్కుంటుంది. అందరి ముందర ఆమెను మావాడు అన్నాడు. నువ్వు కూడా అందరి ముందరే చెప్పాలి" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయినాక లేచి నిలబడి చెప్పినాను. పెళ్లికూతురి నాన్న నా మొహం చూడలేదు. ఎవరికి వినపడాలో ఆమె మాత్రం అక్కడ లేదు. ఆదివారాలు కూడా కంపెనీ ఉందట.

మరుసటి రోజు పెళ్లికూతురి నాన్నే ఆమె ఇంటికి పోయి మళ్లీ పనికి రమ్మని అడిగినాడు. ఆమె రానంది. "ఐసులో చేతులు పెట్టేదైనా నయమే అయ్యా. ఆడ నన్ను నలుగురిలో ఎవరూ అరవరు" అందట.

మొన్న క్రిస్మస్‌కు కేకు తీసుకుని పోయినాను. లోపలికి రమ్మంది, టీ పెట్టింది, కూతురి చదువు గురించి చాలాసేపు మాట్లాడింది. ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నన్ను క్షమించిందో, నాలాంటిదానితో అది మాట్లాడి ఏం లాభమనుకుందో నాకు తెలియదు. అడగడానికి మొహం చెల్లలేదు.