రాతి పుట్టకు పాలు

కడప పొలిమేరలోని విశ్వవిద్యాలయంలో పొద్దున్నే నడవడం పదవీ విరమణ తర్వాత నాకూ మా ఆవిడకూ అలవాటైంది. అక్కడ గ్రంథాలయం ముందు నిలువెత్తు రాతి పుట్ట ఒకటి ఉంది. శిల్పకళ చెప్పే యువ అధ్యాపకురాలు చెక్కింది. నిజం పుట్టలాగే ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఈ పక్కనుంచి ఆ పక్కకు తూట్లు పొడిచింది. గాలి వీస్తే సన్నగా మోగుతుంది. ఆ మోత కోసమే ఆమె దాన్ని చేసింది.

చుట్టుపక్కల ఆడవాళ్లు మొక్కే పుట్టలను హాస్టళ్లు కట్టేటప్పుడు చదును చేశారు. అందుకని పోయినేడు నాగుల చవితికి వాళ్లు, వాళ్లతో మా ఆవిడా, ఈ రాతి పుట్టకే పసుపు పూసి, తూట్లలో పాలు పోసి, చలిమిడి పెట్టారు. పాలు విరిగాయి, చలిమిడి గట్టిపడింది, మోత ఆగిపోయింది. ఆ అధ్యాపకురాలు రోజూ కడ్డీతో తూట్లు తోడుకోవడం ఆ వారం నా డైరీలో ప్రతి పేజీలోనూ ఉంది. ఇంకోసారి ఇట్లా అయితే శిల్పాన్ని గోడౌనుకు చేరుస్తామని ఆఫీసువాళ్లు చెప్పారు.

ఈ ఏడు చవితి దగ్గర పడగానే ఆమె మా ఆవిడను ఆపింది.

"అమ్మా, అది పుట్ట కాదు. బొమ్మ."

"గుళ్లో ఉండేది గూడా బొమ్మే కదా పాపా."

"పాలు పోస్తే తీసేస్తారంటమ్మా."

"మరి యాడ పోయమంటావు?"

ఆమె ఎర్రమన్ను తెప్పించి, శిల్పం వెనక ఒక మట్టి పుట్ట కట్టించింది. ఆడవాళ్లు వచ్చి చుట్టూ తిరిగి చూశారు.

"ఇది నువ్వు చేయించింది. దీనికెట్ల మొక్కేది?" అంది మా ఆవిడ.

"రాయిది గూడా నేను చేసిందే కదా."

"దానికి పసుపు తగిలిండాది. ఇప్పుడది నీది గాదు, నాగప్పది."

నాకు నవ్వొచ్చింది.

"నగుతా నిలబడకుంటే ఒక మాట చెప్పగూడదా?" అంది మా ఆవిడ నాతో.

అధ్యాపకురాలు రాతి పుట్ట మొదట్లో నాపరాతి తొట్టి పెడితే అందులో పోస్తారా అని అడిగింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పాము పైకెక్కి తాగుతాదా ఏమి? కిందనే పోద్దాం," అంది వాళ్లలో పెద్దామె.

చవితి నాడు తొట్టి నిండింది. పసుపు మాత్రం నడుము దాకా పూశారు. అధ్యాపకురాలు వద్దనలేదు. మిగతా ఆడవాళ్లు పోయాక తూటుకు చెవి ఆనించి నిలబడింది. గాలి లేదు. మా ఆవిడ అవతలి పక్కకు పోయి, వంగి, నోటితో ఊదింది.

"పలుకుతాండాది లే పాపా. ఇంక ఇంటికి పో, అన్నం తిను."