జసింతు బొటనవేలి సున్నం

ఎర్మెలిండా ఇంట్లో పొయ్యి కోడలి చేతికి పోయింది, తాళాలు కోడలి జేబులోకి పోయాయి. ఆమెకు మిగిలిందల్లా వైను వంపే పని. పోర్చుగల్‌లోని ఆ గాయా ఊళ్లో పండగ భోజనం చివర పాత పోర్తు వైను సీసా తెరిస్తే, ఎవరో ఒకరు కొవ్వొత్తి వెలుగులో చూసుకుంటూ, మడ్డి కదలకుండా, తేటంతా గాజు కూజాలోకి వంపాలి. ఆ పని ఎవరిదైతే ఇంట్లో పెద్దరికం వాళ్లది. మొగుడు జసింతు పోయాక అది ఆమెకు దక్కింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపి ఆమె వంక చూసేది ఆ కాసేపే. అదీ పోతే ఆమె గిన్నెలు తోమే ముసల్ది, అంతే.

జసింతు వైను గోదాములో పీపాలు దొర్లించి బతికినవాడు. కొడుకు అబీలియు పుట్టిన ఏటి సీసాలు కొన్ని తెచ్చి, మనవడి బాప్తిస్మానికని మెట్ల కింద పడుకోబెట్టాడు. ఒక్కోదానికి పైవైపున బొటనవేలితో సున్నం అద్దాడు. ఏళ్ల తరబడి మడ్డి కిందివైపు గాజుకు అతుక్కుంటుంది. తీసేటప్పుడూ, వంపేటప్పుడూ సున్నం పైకి ఉంటే చాలు, మడ్డి కదలదు.

మనవడి బాప్తిస్మం రానే వచ్చింది. ఎర్మెలిండా సీసాను రెండు చేతుల మీద పసిబిడ్డలా మోసుకొచ్చింది. సున్నం పైకే ఉంది. బిరడా తీసి, కొవ్వొత్తి వెలిగించి, మెల్లగా వంచింది. మొదటి ధారే బురదలా దిగింది.

"ఏం వదినా, వైను పోస్తున్నావా, కాఫీ పోస్తున్నావా?" అన్నాడు మరిది బెల్మీరు. అందరూ పగలబడి నవ్వారు.

ఆమె సీసాను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. సున్నం తెల్లగా, కొత్తగా, కుంచెతో దిద్దినట్టుంది. జసింతు వేలిముద్ర లేదు.

"ఇది మీ అన్న పెట్టిన సున్నం కాదు. ఎవరో కడిగేసి మళ్లీ పెట్టారు. సీసా తిరగబడింది."

"ఓహో, ఇప్పుడు తప్పు సీసాదా!"

"పోనీలే అమ్మా," అన్నాడు అబీలియు. "నీ చేతులు వణుకుతున్నాయి. వయసు మీద పడిందని ఒప్పుకుంటే ఏం పోయింది?"

ఆమె చేతులు వణకడం ఆ మాట విన్నాకే మొదలైంది.

వారం కిందట కోడలు లియొనిల్డ, "అత్తయ్యా, మెట్ల కింద ఎంత దుమ్మో! అన్నీ తళతళలాడేలా తుడిచేశాను" అని చెప్పుకుంది. అప్పుడు ఎర్మెలిండా మెచ్చుకుంది కూడా. ఇప్పుడు ఆ పిల్ల తల వంచుకుని బిడ్డ టోపీ ముడి విప్పుతోంది, మళ్లీ వేస్తోంది. నేనే చేశానని ఒక్క మాట అంటుందేమోనని ఎర్మెలిండా ఎదురుచూసింది. అనలేదు. కోపం కాదు, ఆమెకు అసహ్యం వేసింది.

క్రిస్మస్ పొద్దున అబీలియు తేల్చేశాడు. "ఈసారి లియొనిల్డ వంపుతుంది. అమ్మను ఇబ్బంది పెట్టొద్దు."

ఎర్మెలిండా దీపం పట్టుకుని మెట్ల కిందికి వెళ్లింది. ప్రతి సీసాలోనూ కొత్త సున్నం ఉన్న వైపే మడ్డి నల్లగా అతుక్కుని ఉంది. అన్నిటినీ సరిగ్గా తిప్పి పెట్టడం ఆమెకు ఎంతసేపు? ఆ పిల్ల చేతి మీదుగానూ బురదే పడనీ అనుకుంది. ఒక్కటీ ముట్టుకోకుండా వచ్చి క్యాబేజీ తరుగుతూ కూర్చుంది.

భోజనం చివర లియొనిల్డ వంచింది. బురదే దిగింది. ఎర్మెలిండా కడుపు చల్లబడింది. బెల్మీరు వేళాకోళం కోసం చెవులు రిక్కించింది. బెల్మీరు గ్లాసులోకి చూసి ఊరుకున్నాడు.

అబీలియు ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "లియొనిల్డ చేయి కదల్లేదు, అందరూ చూశారుగా. వైనే చెడిపోయింది. పీపాలు దొర్లించే నాన్నకు మంచి సీసా ఎంచడం ఏం తెలుసు?"

ఎర్మెలిండా నోరు తెరిచింది. నిజం చెప్పాలంటే, పొద్దున చూసి కూడా ఊరుకున్న సంగతి చెప్పాలి. నోరు మూసుకుంది. అబీలియు మెట్ల కింద ఉన్న సీసాలన్నీ పెరట్లోకి పట్టుకెళ్లి, ఒక్కోటీ తూములో ఒంపేశాడు. జసింతు దాచిందంతా ఎర్రగా పోయింది.

ఖాళీ సీసాలను లియొనిల్డ తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"కడిగి పెట్టండి అత్తయ్యా, నూనె పోసుకోవడానికి పనికొస్తాయి."

ఎర్మెలిండా చేతులు చాపి అందుకుంది.