అంటించిన పువ్వు

మొక్కల దుకాణంలో అందరూ ఆమెను జిగురు పిన్ని అంటారు. ఆమె పనే అది మరి. ఎడారి ముళ్ళమొక్కలు ఎప్పుడో గాని పూయవు, పువ్వు లేనిదాన్ని ఎవరూ కొనరు. అందుకని పిన్ని ఒక్కో మొక్క నడినెత్తిన వేడి జిగురు చుక్క వేసి, రంగు అద్దిన ఎండుపువ్వును అదిమి పెడుతుంది. వేళ్ళ నిండా ముళ్ళు, బొబ్బలు. "నిజం పువ్వేనా?" అని ఎవరైనా అడిగితే లేని దగ్గు తెచ్చుకుని అటు తిరిగిపోతుంది. నోటితో అబద్ధం ఆడటం రాదు పాపం, చేత్తోనే ఆడుతుంది.

అలాంటి మొక్కనే ఒకటి తెచ్చి, మంచాన పడ్డ అక్క కిటికీలో పెట్టింది. "చూశావుటే, ఇది వాడే రకం కాదు. నేనూ అంతే!" అని అక్క రోజూ మురిసిపోయేది. ఇక మందులు దండగని డాక్టరు పిన్నిని పక్కకు పిలిచి ఎప్పుడో చెప్పేశాడు. మొన్న కుండీ తుడుస్తుంటే పువ్వు ఊడి చేతిలోకొచ్చింది. దాని కింద నిజం మొగ్గ ఒకటి, మెంతిగింజంత, ఉడికి నల్లబడిపోయి ఉంది. ఆనాడు చూసుకోకుండా వేడి జిగురు దానిమీదే వేసేసింది పిన్ని.

"ఏమైందే, అలా నిలబడిపోయావ్?"

"ఏం లేదక్కా... పువ్వు ఊడింది."

"ఊడితే అంటించు. నీ వేళ్ళ బొబ్బలు నాకు కనపడవనుకున్నావా, పిచ్చిమొహమా? నాకు మొదట్నుంచీ తెలుసు. నిజం పువ్వులు మనింట్లో ఎక్కడ పూస్తాయిలే!"

పిన్ని జిగురు కాచి తెచ్చి, అక్కకు వీపు అడ్డం పెట్టి, ఆ నల్ల మొగ్గ మీదే పువ్వును మళ్ళీ అదిమింది.