దాలయ్య అరుగు మీద మఫ్టీ మనిషి

"...మన మీద నిఘాకొచ్చినోడికి అంబలేటి? నువ్వు దగ్గినా టేసన్లో సెప్పేవోడికి పైన ఉల్లిపాయ కూడానా?"

"అరుగు మీద మనిషుండగా మనమే తాగీసి లోపలికి పోతామేటే తవిటమ్మా?"

"అయితే నువ్వే పొయ్యి. నాను పొయ్యను."

దాలయ్యే లేచి పోశాడు. మొగుడూ పెళ్లాల గొడవ వీధిలోంచి విన్న గంగరాజుకి కడుపు మండిపోయింది.

అరవయ్యెనిమిది వేసవి. కొండల మీద అలజడి మొదలయ్యాక, శ్రీముఖలింగం దగ్గరి ఆ ఊళ్లో రైతుసంఘం పెద్ద దాలయ్య వెనక పోలీసులు ఒక మఫ్టీ మనిషిని పెట్టారు. దాలయ్య పొలంలో ఉంటే అతను గట్టు మీద, ఇంట్లో ఉంటే అరుగు మీద. అదేమో గంగరాజు చోటు. కాలేజీ మానేసి వచ్చినప్పట్నుంచీ అక్కడే కూర్చుని దాలయ్యతో వాదించేవాడు, ఆ ఇంటి అంబలే తాగేవాడు. సంతలో మైకు పట్టుకుని ప్రభుత్వాన్ని దులిపేసింది తను. నిఘా మాత్రం అంబలికి చోళ్లు పండించుకునే ఈ ముసలాడి మీద. ఉండబట్టలేక ఓ రోజు మఫ్టీ మనిషినే అడిగేశాడు.

"మరి నా మీద ఎవుర్ని పెట్టారు?"

"నీ పేరెవుడూ సెప్పలేదు బాబూ," అని అతను అంబలి తాగుతూనే ఉన్నాడు.

మర్నాటి నుంచి గంగరాజు బియ్యం వర్తకుడు ధర్మారావు దొడ్డి గుమ్మం దగ్గర కాపు కాశాడు. ధర్మారావుది ఎదుటి పార్టీ. అతని ఇంటికి ఏ ఆఫీసరు భోజనానికొచ్చాడో, అతని భార్య ఏడుస్తూ పుట్టింటికి ఎలా వెళ్లిందో సంఘం మీటింగులో వర్ణించి చెప్పాడు. అందరూ పడీ పడీ నవ్వారు. గంగరాజు ఛాతీ పొంగింది. దాలయ్య ఒక్కడే నవ్వలేదు.

బయటికొచ్చాక గంగరాజు భుజం మీద చెయ్యేశాడు. మఫ్టీ మనిషి కాస్త వెనకే ఆగాడు.

"ఒరే, నా గుమ్మం కాడ మనిషిని తియ్యమని రేపు ఊరందరితో తాసీల్దారు కాడికెల్తన్నాను. నువ్వు ధర్మారావు గుమ్మం కాడ నిలబడితే ఏ మొకం పెట్టుకుని అడగనురా?"

"ఆడూ మనమూ ఒకటేనా మావా? ఆడు బియ్యం దాసీసి అమ్మతన్నాడు."

"బియ్యం సంగతి సంతలో మైకు పెట్టి అడుగు, నానూ నీ పక్కనే నిలబడతాను. ఆడి పెళ్లాం ఏడుపు మనకెందుకు?"

గంగరాజు తల తిప్పుకున్నాడు. అతని చూపు మఫ్టీ మనిషి మీదే ఉందని దాలయ్య కనిపెట్టాడు.

"రేపు ఆ దొడ్డి కాడికి పోకు. మా అరుగు మీదికి రా. ఆ మఫ్టీవోడి పక్కన సోటుంది, కూకో. అంబలి ముందు నీకే పోస్తాను."