తొమ్మిదో సీటు దర్జీ

నవ్వులాయనకి ఉన్న పిచ్చి ఒక్కటే. టేపులో ఉన్న నవ్వుల్ని ఆయన మనుషులనుకునేవాడు.

టీవీలో కామెడీ సీరియల్ వస్తున్నప్పుడు, ఎవరో ఒకరు ఓ మాట అనగానే వెనక నుంచి జనం గొల్లుమని నవ్వుతారు కదా, ఆ నవ్వుల్ని అతికించడం ఆయన ఉద్యోగం. స్టూడియోలో మెట్ల కింద ఓ ఇరుకు గది, గోడలకి నల్ల స్పాంజి, రెండు స్పీకర్లు, కూర్చుంటే కిర్రుమనే కుర్చీ. ముప్ఫై ఏళ్లుగా ఆ గదిలో కూర్చుని ఊరందరినీ నవ్వించిన ఆ మనిషి తను మాత్రం నవ్వగా చూసినవాళ్లు లేరు. స్టూడియోలో అందరూ ఆయన్ని నవ్వులాయన అనేవారు. అక్కడ సీరియళ్లకి జోకులు రాసే రచయిత్రి ఒక్కతే బాబాయ్ అని పిలిచేది.

నాలుగేళ్ల క్రితం ఆవిడ ఆ గదిలోకి మొదటిసారి అడుగుపెట్టిన రోజున, ఎదురింటి బట్టతలాయన మీద రాసిన జోకుకి పెద్ద నవ్వు పెట్టమని అడిగింది.

"ఇక్కడ ఎవరు నవ్వుతారమ్మా?" అన్నాడాయన.

"ఎవరేమిటండీ? జనం!"

"జనం అంటే కుదరదు. హాల్లో నలభై సీట్లున్నాయి. మూడో సీట్లో పోస్టుమాస్టరున్నాడు. ఆయనది బట్టతల. నవ్వడు. ఆయన మొహం ముడుచుకుంటే పక్కనున్న వాళ్లావిడ కూడా నవ్వదు. ఆవిడ నవ్వకపోతే ఆ వరస మొత్తం బిగుసుకుపోతుంది."

ఎప్పుడో రికార్డు చేసిన టేపు గురించి ఈయన ఏం మాట్లాడుతున్నాడో రచయిత్రికి ఓ పట్టాన అర్థం కాలేదు. పెద్దాయనతో మొదటిరోజే వాదన ఎందుకులే అని జోకు తీసేసింది.

మర్నాటి నుంచి ఆ నలభై మందీ ఒక్కొక్కరే ఆవిడకి పరిచయమయ్యారు. ఇరవై రెండో సీట్లో నర్సుంది, డ్యూటీ దిగి నేరుగా వచ్చి కునుకు తీస్తుంది, చిన్నాచితకా జోకులకి ఆవిడ్ని లేపడానికి వీల్లేదు. పన్నెండో సీటు తాతగారికి ఏ జోకైనా మూడు సెకన్ల తర్వాతే అర్థమవుతుంది, అందుకే అందరూ నవ్వి ఊరుకున్నాక ఆయనది ఒక్క నవ్వు విడిగా రావాలి. ఒకే మనిషిని వరసగా రెండుసార్లు నవ్వించకూడదు, ఆయాసం వస్తుంది.

వీళ్లందరినీ రచయిత్రి ఎలాగో భరించింది గానీ, తొమ్మిదో సీటు దర్జీ మాత్రం ఆవిడ ప్రాణం తీశాడు. ఏ వారం చూసినా ఆయనకి పన్నునొప్పే.

"దర్జీ ఇవాళ నవ్వడమ్మా."

"మళ్లీ పన్నేనా?"

"దవడ ఇంతలావున వాచింది పాపం."

"నాలుగేళ్లుగా పన్నునొప్పేమిటి బాబాయ్? పీకించుకోమని చెప్పండి!"

"చెప్పాను. సూదంటే భయం."

రచయిత్రి పళ్లు నూరుకుంటూ వెళ్లి ఆ జోకు మార్చి రాసుకొచ్చేది. మార్చినదానికి దర్జీ అరకొరగా నవ్వేవాడు. "బాబాయ్‌కి నా జోకులంటే ప్రాణం. ఆ దర్జీతోనే వచ్చింది తంటా అంతా" అని ఇంట్లో చెప్పి, తను ఎవరి గురించి మాట్లాడుతోందో గుర్తొచ్చి నాలుక కరుచుకునేది.

ఇంతలో కాలం మారింది. ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో తెలియదు గానీ, కామెడీ సీరియళ్లలో నవ్వు ఉండకూడదనే కొత్త పద్ధతి వచ్చింది. వెనక నవ్వులు తీసేశారు. ఆ తర్వాత ముందున్న జోకులూ తీసేశారు. ఇప్పుడు కామెడీ అంటే ఒక మనిషి కిటికీలోంచి బయటికి చూస్తాడు, కప్పులో టీ చల్లారిపోతుంది, ఎక్కడో ఫిడేలు మూలుగుతుంది. ఆ ఏడాది ఉత్తమ కామెడీ బహుమతి అందుకున్న సీరియల్లో మొత్తం మూడు చావులు.

రచయిత్రి వాళ్లమ్మ ఓ రోజు ఫోను చేసి, "ఇవాళ మీ ఛానల్లో వచ్చిందే, అది చూసి ఎంత ఏడ్చానో! చాలా బాగుంది" అంది.

"అది కామెడీయే అమ్మా."

"అవునా? మరి ముందు చెప్పరేం? అనవసరంగా ఏడ్చాను."

ఇలాంటి రోజుల్లో రచయిత్రికి తన సొంత సీరియల్ తీసే అవకాశం వచ్చింది. ఎప్పుడూ లిఫ్టు పనిచేయని భవనం, అందులో ఐదో అంతస్తులో ఓ కుటుంబం. నాలుగేళ్లుగా మనసులో పెట్టుకుని పెంచుకున్న కథ. శుక్రవారం నాడు ఛానల్ కమిటీ వాళ్లు ముగ్గురు మొదటి భాగం చూస్తారు. నచ్చితే సీరియల్ నడుస్తుంది, నచ్చకపోతే అక్కడితో మూత. దీనికి దర్శకుడిగా వచ్చినవాడు కొత్త పద్ధతిలో పండిపోయినవాడు. ప్రతి డైలాగుకీ ముందు ఒకసారీ, తర్వాత ఒకసారీ "పాజ్!" అని అరుస్తాడని అందరూ అతన్ని పాజ్ బాబు అనేవారు.

"నవ్వు టేపు వాడటానికి వీల్లేదు మేడమ్. నవ్వనేది ప్రేక్షకుడి లోపల జరగాలి" అన్నాడు పాజ్ బాబు.

"బయటికి ఎప్పుడొస్తుంది?"

"రాకూడదు మేడమ్. వస్తే మనం ఫెయిలైనట్టు."

రచయిత్రి తల తిరిగిపోయింది. నవ్వితే ఓడినట్టా, నవ్వకపోతే గెలిచినట్టా? కమిటీ వాళ్లు మొహాలు బిగించుకుని కూర్చుంటే అది శుభమా, అశుభమా? ఎందుకైనా మంచిదని, నవ్వులున్న కాపీ ఒకటి చేతిలో ఉంచుకుందామనుకుంది. బుధవారం పొద్దున పాజ్ బాబు మరోచోట కిటికీ వెతకడానికి వెళ్లగానే, మొదటి భాగం పట్టుకుని మెట్ల కింద గదికి పరిగెత్తింది. ఇరవై ఆరు చోట్ల నవ్వు కావాలని గుర్తు పెట్టుకుంది కూడా.

నవ్వులాయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొత్తం చూశాడు. మళ్లీ మొదటికొచ్చి, ఒక్కో గుర్తు దగ్గరా ఆపి, "ఇక్కడ ఎవరు నవ్వుతారమ్మా?" అని మొదలుపెట్టాడు. నర్సుని లేపనన్నాడు. పోస్టుమాస్టరు నొచ్చుకుంటాడన్నాడు. లిఫ్టు మెకానిక్కు వేసుకొచ్చిన చిరుగుల చొక్కా మీద ఇంటిల్లిపాదీ ఏడిపించే సీను దగ్గర మరీ మొండికేశాడు.

"దీనికి దర్జీ అస్సలు నవ్వడు."

"పన్ను సంగతి తెలుసు బాబాయ్. మిగతా ముప్ఫై తొమ్మిది మందీ ఏరీ?"

"ఇవాళ ఎవరూ సరిగ్గా రాలేదమ్మా. వాన కదా."

రచయిత్రి తలుపు తీసి చూసింది. బయట ఎండ పేలిపోతోంది. ఆమె నోరు తెరిచేలోపు నవ్వులాయన క్యారేజీ పట్టుకుని భోజనానికి వెళ్లిపోయాడు. ఇరవై ఆరింట్లో ఆయన నవ్వు పెట్టినవి రెండే రెండు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఈయన పిచ్చికి నా బతుకు బలి కావాలా అనుకుంది. ఆ టేపేదో తీసి నేనే పెట్టుకుంటానని బీరువా తెరిచింది. నలభై మంది కోసం నలభై డబ్బాలుంటాయనుకుంటే లోపల ఒకే ఒక్క డబ్బా ఉంది. దాని మీద ఆయన చేతిరాతతో ఇలా ఉంది: "నవ్వులు. నలభై మంది ఉంటారేమో. వాన పడుతుంటే స్టూడియోలోకి వచ్చి నిలబడ్డవాళ్లు. పేర్లు అడగలేదు."

రచయిత్రి ఆ రెండు ముక్కలూ మూడుసార్లు చదివింది. నిలబడ్డవాళ్లు. అంటే సీట్లే లేవు. సీట్లు లేకపోతే తొమ్మిదో సీటు లేదు. మరి నాలుగేళ్లుగా పన్నునొప్పి ఎవరికి?

కిర్రుకుర్చీలో కూలబడి ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. దర్జీకి దవడ వాచిన మొదటి వారం తను రాసింది నత్తిగా మాట్లాడే గుమాస్తా మీద. పన్ను సలుపెక్కువైన వారం రాసింది ఎప్పుడో ఎక్కడో విన్న పాచి జోకు. నర్సు నిద్ర లేవని రోజుల్లో రాసినవన్నీ తనకే తర్వాత చూసి సిగ్గేసినవి. నొప్పి వచ్చిన ప్రతిసారీ తను వెళ్లి మార్చి రాసింది, ప్రతిసారీ కాస్తో కూస్తో బాగుపడింది. ఈ నాలుగేళ్లలో నీ జోకు బాగాలేదమ్మా అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

నవ్వులాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, తెరిచి ఉన్న బీరువా చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సీట్లు లేవు బాబాయ్" అంది రచయిత్రి.

"లేవమ్మా. పాపం నిలబడే నవ్వారు."

"దర్జీ కూడా లేడు."

ఆయన కాస్త ఇబ్బందిపడ్డాడు. "ఉండే ఉంటాడమ్మా. నలభై మందిలో ఒక్క దర్జీ ఉండడా?"

"జోకు బాగాలేదని మొహం మీదే చెప్పొచ్చుగా?"

"ఒకసారి చెప్పాను. నీకంటే ముందు ఒకతను రాసేవాడు. వచ్చిన కొత్తలో ఓ జోకు తెస్తే, బాగాలేదు బాబూ అనేశాను. మర్నాడు రాలేదు. ఇప్పుడు బీమా ఆఫీసులో ఉన్నాడు, ఫారాలు చాలా చక్కగా నింపుతాడని చెప్తారు. అతనికేం, హాయిగానే ఉన్నాడు. అతని రెండో జోకు ఎలా ఉండేదో నాకు తెలియకుండా పోయింది, అదే నా బాధ. అప్పట్నుంచి నేను చెప్పడం మానేశాను. ఈ నలభై మందిచేతే చెప్పిస్తున్నాను."

రచయిత్రికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏదో ఒకటి చేస్తే ఆయన ఇంకా ఇబ్బందిపడతాడని, కాగితాలు తీసి ఇరవై నాలుగు చోట్లా గీతలు కొట్టడం మొదలుపెట్టింది. ఇరవై తీసేసింది. నాలుగు మళ్లీ రాసింది. గురువారం ఎలాగూ ఒకరోజు షూటింగు మిగిలి ఉండటంతో వాటిని అప్పుడే తీయించింది. చిరుగుల చొక్కా సీను పోయి, దాని చోట్లో కొత్తది వచ్చింది. లిఫ్టు మెకానిక్కు రొప్పుతూ ఐదంతస్తులూ మెట్లెక్కి వస్తాడు. తలుపు కొడతాడు. "లిఫ్టు బాగైపోయిందండీ" అని చెప్తాడు. చెప్పి మళ్లీ మెట్ల మీదే దిగి వెళ్లిపోతాడు.

పాజ్ బాబుకి ఇది తెగ నచ్చింది. ఇందులో ఎవరూ జోకు వెయ్యలేదు కాబట్టి నచ్చిందన్నాడు. నవ్వు టేపు మాత్రం పెట్టడానికి వీల్లేదని మళ్లీ చెప్పాడు. ఆ సాయంత్రం శబ్దం సరిచేస్తూ నవ్వులాయన ఆ సీను మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ "ఊఁ" అన్నాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

శుక్రవారం చిన్న హాల్లో కమిటీ ముగ్గురూ ముందు వరసలో కూర్చున్నారు. వెనక మూల శబ్దం మిషను దగ్గర నవ్వులాయన. గోడకి ఆనుకుని, చేతులు నలుపుకుంటూ రచయిత్రి. పది నిమిషాలు గడిచాయి. కమిటీలో ఒకావిడ ఏదో రాసుకుంది. ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. అందరికంటే పెద్దాయన రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ఆ మొహాలు చూసి పాజ్ బాబు తృప్తిగా తలాడించాడు. రచయిత్రి గోడకి ఇంకాస్త అతుక్కుపోయింది.

మెకానిక్కు తలుపు కొట్టాడు. "లిఫ్టు బాగైపోయిందండీ" అన్నాడు. వెనక్కి తిరిగి మెట్ల వైపు నడిచాడు.

హాలు వెనక మూల నుంచి ఒక నవ్వు వినిపించింది. ఏ టేపులోనూ లేని నవ్వు. మొదట గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మొదలై, గురగురలాడి, ఒక్కసారిగా బద్దలైంది. ముప్ఫై ఏళ్లుగా దాచుకున్నదంతా ఒక్కసారే బయటపెట్టినట్టు నవ్వులాయన పొట్ట పట్టుకుని, కుర్చీ చెయ్యి పట్టుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. కమిటీ ముగ్గురూ ఉలిక్కిపడి వెనక్కి చూశారు. రాసుకునే ఆవిడ కలం పక్కన పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లజోడాయన భుజాలు ఊగాయి. సరిగ్గా మూడు సెకన్ల తర్వాత పెద్దాయన, "అబ్బో, మళ్లీ మెట్లే!" అని విరగబడి నవ్వాడు. అక్కడ్నుంచి చివరిదాకా వాళ్లు ఆగలేదు.

దీపాలు వెలిగాక పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ పాజ్ బాబుని, "ఇది కామెడీయేనా?" అని అడిగాడు.

"నేనైతే అలా అనుకుని తీయలేదు సార్" అన్నాడు పాజ్ బాబు, దిక్కుతోచక.

"ఏదైతేనేం, నడపండి" అని లేచాడు పెద్దాయన.

హాలు ఖాళీ అయ్యాక రచయిత్రి నవ్వులాయన దగ్గరికి వెళ్లింది. ఆయన మొహం అప్పటికే మామూలైపోయింది. వంగి తీగలు చుట్టుకుంటున్నాడు.

"నిన్న మూడుసార్లు చూసి ఊఁ అన్నారు. ఇవాళ అంత నవ్వు ఎక్కడిది బాబాయ్? నిజంగా వచ్చిందా, నా కోసం నవ్వారా?"

ఆయన తల ఎత్తలేదు.

"నేనెక్కడ నవ్వానమ్మా? అది తొమ్మిదో సీటు. పొద్దున్నే వెళ్లి పన్ను పీకించుకున్నాడు."