గుండ్రంగా కత్తిరించిన వావిలి

విమానాశ్రయం వచ్చిన కొత్తలో మా ఇంటి వెనుక గదిలో కోస్తా నుంచి వచ్చిన జంట కిరాయికి ఉండేది. అతనికి విమానాశ్రయంలోనే ఉద్యోగం. ఆ అమ్మాయికి తొలి కాన్పు అయింది. తల్లి వచ్చి పురుడు చూడాల్సింది, కాలు విరిగి అక్కడే మంచాన పడింది. ఇక్కడ ఈ పిల్లకు నడుము పట్టేసి, కూర్చుని బిడ్డకు పాలివ్వలేకపోయేది.

ఒక పొద్దున ఆ తల్లి నాకు ఫోన్ చేసింది. "అక్కగారూ, మా పిల్లకి వావిలాకు నీళ్ళు పోయించండి. నేనుంటే నేనే పోసేదాన్ని," అని ఏడ్చింది.

"ఏడ్వకు చెల్లె. రేపే పోస్త," అన్నాను. నా నోరు ఆగదు.

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, వావిలి ఎక్కడుంది? మెట్టపంట వేసే మా చెలక గట్టున పొద ఉండేది. నా కాన్పులన్నిటికీ ఆ ఆకే. పడిశం పడితే ఆవిరి పట్టేవాళ్ళం, మోకాళ్ళు వాస్తే ఆముదం రాసి వెచ్చచేసి కట్టేవాళ్ళం, దోమలకు పొగ వేసేవాళ్ళం. ఆ చెలక మీదుగానే ఇప్పుడు విమానాశ్రయం రోడ్డు పోతోంది.

అయినా సంచి పట్టుకుని బయలుదేరాను. రోడ్డు పక్కన కంచె, కంచె లోపల పచ్చగడ్డి, పూలమొక్కలు. మా గట్టు ఈ దిక్కే కదా అని చూసుకుంటూ పోతుంటే, గుమ్మటంలా కత్తిరించిన పొద ఒకటి కనబడింది. కంచె సందులో చెయ్యి పెట్టి ఆకు నలిపి వాసన చూశాను. వావిలే. కొట్టేసినా వేరు నుంచి మళ్ళీ లేచింది. తోటవాళ్ళు తాము నాటిందే అనుకుని దానికి క్షౌరం చేస్తున్నారు.

ఒక రెమ్మ విరిచానో లేదో, కాపలా అతను వచ్చాడు.

"పెద్దమ్మా, బోర్డు కనవడ్తలేదా?"

ముసలితనంలో రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. చదువు రాదని తప్పించుకునే దారి అప్పుడే పోయింది. "కనవడ్డది. ఆకులు తెంపొద్దని రాసిండ్రు."

"చదివి గూడ తెంపుతవా?"

"తెంపుత. బాలింతకు నీళ్ళు కాయాలె. బోర్డు రాసినోనికి నడుము నొయ్యలేదు గావచ్చు."

నవ్వాపుకున్నాడు. షాద్‌నగర్ దిక్కు మనిషట. "మా అమ్మ గూడ గిదే ఏస్తుండె. షోకు చెట్టనుకున్న ఇన్నొద్దులు. జర ఆగు పెద్దమ్మా. తెంపనిస్తే నా నౌకరి పోతది. మాపటికి కటింగ్ చేస్తరు, కత్తిరించినదంత పారేసుడే. అది తీస్కపో."

"మాపటిదాక నేనేం జెయ్యాలె?"

"కూసో. నిలవడి నిలవడి నా కాళ్ళు గుంజుతున్నయ్. దానికేమన్న చెప్పు."

చెప్పాను. ఇదే ఆకు ఉడికించిన నీళ్ళలో రాళ్ళ ఉప్పు వేసి, ఓర్చుకునేంత వేడిలో కాళ్ళు ముంచి కూర్చోమన్నాను. నొప్పి తగ్గకపోతే దవాఖానకు పొమ్మనీ చెప్పాను. ఆకు మంత్రమేం కాదు.

సాయంత్రం సంచి నిండింది. అతనూ ఓ గుప్పెడు టిఫిన్ డబ్బాలో కుక్కుకున్నాడు.

మర్నాడు పెద్ద అండాలో నీళ్ళు పోసి ఆకు మరిగించి, చల్లనీళ్ళు కలిపి ఆ పిల్లకు పోశాను. "అమ్మమ్మగారూ, నడుం మీదే ఇంకొన్ని పోయండి," అని అడిగి పోయించుకుంది. సాంబ్రాణి పొగ పట్టి పడుకోబెడితే మధ్యాహ్నం దాకా లేవలేదు. లేచి, గోడకు ఆనుకుని కూర్చుని, బిడ్డను ఒళ్ళో వేసుకుంది. పాలిస్తూనే తల్లికి ఫోన్ చేసి నాకిచ్చింది.

"విమానాలు దిగే చోట వావిలాకు ఎక్కడ దొరికిందండీ?" అందా తల్లి.

"మా చెలకల," అన్నాను.