బడికెళ్లిన సున్నం డబ్బీ

ఆసుపత్రిలో నర్సమ్మ నా నోట్లో పుండు చూసి పొగాకు నమలడం మానేయమంది. కోడలి ఎదుట సరేనన్నాను. పొగాకు కాడ కొంగున ముడేసుకుని, డుంబ్రిగుడ సంతలో కొన్న సున్నం డబ్బీని వంటింట్లో చోళ్ల డబ్బా వెనక దాచాను. సున్నం తగలని పొగాకు గడ్డితో సమానం. ఆ డబ్బీ పోతే అన్నీ పోయినట్టే.

దానికి ముప్పు మా మనవరాలు చదివే సర్కారు బడి నుంచి వచ్చింది. మా కొండవాలున పండిన పసుపే పట్టుకెళ్లి, తడిపి, కాగితాలకు పూసి ఎండబెట్టారట. మనవరాలు ఆ కాగితాలు ఇంటికి తెచ్చి కనబడిన ప్రతిదానికీ అంటించేది. సబ్బునీళ్లకు కాగితం ఎర్రబడింది. పొయ్యిలో బూడిద నీళ్లకూ ఎర్రబడింది.

"ఏటే గుంటా, పసుపు ఊరికే వచ్చిందేటి?"

"సదివితే సాలదంట మామ్మా, సేసి సూడమంది టీచరమ్మ. ఏదీ, సెయ్యి సాపు."

చాపాను. బొటనవేలి కింద కాగితం భగ్గుమని ఎర్రబడింది.

"సున్నం," అంది.

"గోడకి ఏసేనే."

"మన గోడకి ఎర్రమన్ను కదేటి."

ఆ రోజుకి వదిలేసింది గానీ, రోజూ చూస్తానంది. సాయంత్రం పాఠం పైకి చదువుతోంటే విన్నాను: పులుపు తగిలితే ఎర్రకాగితం మళ్లీ పసుపవుతుందట. నేను చదివింది రెండో తరగతే. చెవులకు తరగతులుండవు.

మర్నాటి నుంచి పొగాకు నమిలాక వేలికి చింతపండు రుద్దుకునేదాన్ని. కాగితం రంగు మారలేదు. "మానీసేవా మామ్మా?" అంటే "మానీసేనే" అన్నాను. అబద్ధం బాధించలేదు. చారులోకే పిసరంత వేసే నేను, వేలికి అంత చింతపండు తగలేయడం బాధించింది.

తరవాతి వారం వంకాయరంగు కాగితం తెచ్చింది. మందారపూలు రుద్దారట. ధీమాగా చెయ్యి చాపాను. గులాబీ రంగుకు తిరిగింది.

"పులుపు. వంట అమ్మ సేసింది. నీ యేలికేటి పులుపు?"

నా కళ్లు వంటింటి వైపు పోయాయి. అది నేరుగా చోళ్ల డబ్బా వెనక్కి చెయ్యి పెట్టింది.

"మీ అమ్మతో సెప్పకే."

"సెప్పను. బళ్ళో సున్నం కావాలంది టీచరమ్మ. ఇచ్చీత్తాను."

మర్నాడు నేనూ బడికి వెళ్లాను. టీచరమ్మ కుర్చీ వేసి, "మనవరాలి చదువు చూడ్డానికి వచ్చారా మామ్మగారూ" అంది. అవునన్నాను. డబ్బీ అల్మరాలో చేతికందేలా ఉంది. ఆవిడ బోర్డు వైపు తిరగగానే చెయ్యి చాపాను.

"మామ్మ సెయ్యి ముందు నాకు."

"నీకేటి, నాకు."

పసుపు కాగితాలు పట్టుకుని పిల్లలు తోసుకుంటూ వచ్చారు. చెయ్యి కొంగులోకి లాక్కుని, కుర్చీలో సర్దుకుని పాఠం ఆసాంతం విన్నాను. ఆ మర్నాడూ వెళ్లాను, పిల్లలు ఆటకు బయటికి పోతారేమోనని. పోలేదు.

పిల్లల చదువు మీద శ్రద్ధంటే నాలా ఉండాలని టీచరమ్మ తల్లిదండ్రులందరికీ చెబుతోందట.